ఫోను ఒకరిది, జబ్బు ఇంకొకరిది

"మీరెప్పుడైనా ఇంటర్నెట్ వాడారా?" 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ప్రశ్న కూడా ఉంది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వాడామని చెప్పినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 33 మంది. మగవాళ్లలో 57 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అంకె ఇంకా కిందికి జారి 21 దగ్గర ఆగింది. తెలంగాణలో 26.5. సాఫ్ట్‌వేర్ అంటే మనవాళ్లేనని చెప్పుకునే నేల మీద, ఐదుగురు ఆడవాళ్లలో దాదాపు నలుగురు అప్పటికి ఇంటర్నెట్ జోలికే పోలేదు.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-సంజీవని అనే టెలిమెడిసిన్ సేవ 2023 ఫిబ్రవరిలో 10 కోట్ల సంప్రదింపులు దాటింది. అప్పటికి రాష్ట్రాల జాబితాలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఒక్క ఆ రాష్ట్రం నుంచే 3 కోట్ల 17 లక్షలు. రెండో స్థానంలో ఉన్న తమిళనాడు 1 కోటి 24 లక్షల దగ్గరుంది. తెలంగాణ దాదాపు 46 లక్షలు. దేశం మొత్తం మీద ఈ సేవ పొందినవాళ్లలో సగానికి పైగా, 57 శాతం, ఆడవాళ్లే.

ఇంటర్నెట్ తెలియని ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి ఇంటర్నెట్ వైద్యంలో అందరికంటే ముందుంది. రెండూ సర్కారు లెక్కలే. మధ్యలో ఫోన్లు పెరిగాయి, డేటా చవకైంది, నిజమే. టార్గెట్ కోసం నొక్కిన కాల్స్ కూడా కొన్ని ఉండొచ్చు. ఏ ప్రభుత్వ పథకంలోనైనా అంతో ఇంతో ఉండేదే అది. అవన్నీ తీసేసినా ఇంత తేడా పూడదు. అసలు సంగతి మన ప్రశ్నలోనే ఉంది. ఆరోగ్యం కోసం ఇంటర్నెట్‌ను ఎవరు వాడుతున్నారు అని అడిగినప్పుడు మనం చూస్తున్నది ఫోను పట్టుకున్న చేతిని. జబ్బు ఉన్న ఒళ్లు చాలాసార్లు వేరే మనిషిది.

ప్రకాశం జిల్లాలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్ అనుకోండి. బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దావిడ బల్ల మీద కూచుంది. సీహెచ్‌ఓగా, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా పనిచేసే అమ్మాయి, బీఎస్సీ నర్సింగ్ చదివింది, పెద్దావిడ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. వేలు గుచ్చి షుగరు చూసింది. పేరు, వయసు, ఆ రెండు రీడింగులు, "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాట, అన్నీ కంప్యూటర్లో ఎక్కించి కాల్ కలిపింది. అవతల పెద్ద ఆసుపత్రి హబ్‌లో కూర్చున్న డాక్టరు తెర మీదికి వచ్చాడు.

"ఏమ్మా, మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటన్నా బాబూ. అయిపోయి పది రోజులైంది."

ఈ జవాబులో రెండు ముక్కలున్నాయి, ఒకదానికొకటి పొసగవు. తెరకు అవతలున్న డాక్టరు మొదటి ముక్క విని ఆగిపోతే మందు డోసు పెంచేస్తాడు. పక్కనున్న సీహెచ్‌ఓ అందుకుంటుంది: "మామ్మా, పది రోజుల్నించి అసలు వేసుకోలేదా? మరి మొన్న ఏఎన్ఎం వచ్చినప్పుడు చెప్పలేదేం?" డాక్టరు పాత డోసే రాస్తాడు. చీటీ కంప్యూటర్లోకి వస్తుంది, మాత్రలు అక్కడే బీరువాలోంచి వస్తాయి. పెద్దావిడ ఇంటికి పోయి "నర్సమ్మ మాత్రలిచ్చింది" అంటుందే తప్ప ఇంటర్నెట్ వాడానని ఎవరితోనూ అనదు. సర్వేవాళ్లు వచ్చి అడిగితే "నాకేం తెలుసు నాయనా అయ్యన్నీ" అంటుంది. అది అబద్ధమేమీ కాదు.

ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. ఒకటి పైన చెప్పినది: ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి పెద్ద ఆసుపత్రి డాక్టరుకు. 2019 నవంబరులో దీన్ని మొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. రెండోది రోగి తన ఇంట్లోంచే తన ఫోన్లో నేరుగా డాక్టరును పిలుచుకునే ఓపీడీ. ఇది లాక్‌డౌన్ మధ్యలో, 2020 ఏప్రిల్లో వచ్చింది. పత్రికల్లో బొమ్మలు ఎక్కువగా రెండోదానికే వేస్తారు: సోఫాలో కూచున్న మనిషి, చేతిలో ఫోను, ఫోన్లో తెల్లకోటు. సంఖ్యల్లో బరువంతా మొదటిదానిది.

ఈ పద్ధతికి మన దగ్గర పాత చరిత్రే ఉంది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ల ఆసుపత్రికి ఉపగ్రహం ద్వారా పెద్ద డాక్టర్లను కలిపే టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో, హైదరాబాద్ వచ్చిన బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించాడు. అరగొండ రోగి ఆనాడు కంప్యూటర్ ముట్టుకోలేదు. ఎవరో ముట్టుకున్నారు, వైద్యం మాత్రం అతనికి అందింది.

ఆరోగ్యం కోసం జనం ఇంటర్నెట్‌ను ఎలా వాడతారన్న లెక్కలు మొదట పెద్ద ఎత్తున తీసింది అమెరికాలో. ప్యూ పరిశోధన సంస్థ 2000 నవంబరులో ఒక నివేదిక వేసింది: 5 కోట్ల 20 లక్షల మంది పెద్దవాళ్లు, అంటే ఇంటర్నెట్ ఉన్నవాళ్లలో 55 శాతం, ఆరోగ్య సమాచారం కోసం వెబ్‌లో వెతికారు. ఆ పనిని ఏళ్ల తరబడి నడిపించిన పరిశోధకురాలు సుసన్నా ఫాక్స్. ఆమె బృందం 2013లో వేసిన నివేదిక నాటికి ఇంటర్నెట్ ఉన్నవాళ్లలో 72 శాతం అంతకు ముందటి ఏడాదిలో ఏదో ఒక జబ్బు గురించి వెతికి ఉన్నారు. మగవాళ్లలో 65 శాతం, ఆడవాళ్లలో 79. చదువు, రాబడి ఉన్నవాళ్లు ఎక్కువ, ముసలివాళ్లు తక్కువ. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే.

ఫాక్స్ బృందం ఇంకో ప్రశ్న అడిగింది. దానికే వాళ్లను మెచ్చుకోవాలి. "మీరు ఆఖరిసారి వెతికింది ఎవరి కోసం?" తమ కోసమన్నవాళ్లు 39 శాతం. వేరొకరి కోసమన్నవాళ్లూ సరిగ్గా 39 శాతమే. రెండూ అన్నవాళ్లు 15. కలిపి చూస్తే సగానికి పైగా వెతుకులాటల్లో ఇంకో మనిషి ఒళ్లు ఉంది. ఆడవాళ్ల శాతం ఎందుకు ఎక్కువో ఇక్కడ కొంత అర్థమవుతుంది. పిల్లాడి జ్వరం, అత్తగారి మోకాళ్లు, మొగుడి కొలెస్టరాలు, అన్నీ ఆమె వాటాకే వస్తాయి. అమెరికాలో అయినా అంతే!

అదే సంస్థ లెక్కల్లో ఇంకో చేదు ముక్క ఉంది. షుగరు, గుండె జబ్బు లాంటి దీర్ఘకాలిక రోగాలున్నవాళ్లలో అప్పట్లో ఇంటర్నెట్ వాడేవాళ్లు 72 శాతమే. ఏ రోగమూ లేనివాళ్లలో 89. అవసరం ఎక్కడుందో అక్కడ సాధనం తక్కువ. వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల ఊరు గ్లిన్‌కోరుగ్‌లో డాక్టరుగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే లాన్సెట్ పత్రికలో ఈ మాట రాశాడు. మంచి వైద్యం అవసరమైనవాళ్లకు అది దొరికే అవకాశం తలకిందులుగా ఉంటుందన్నాడు. ఇంటర్నెట్ రాకముందే కనిపెట్టిన సూత్రం ఇంటర్నెట్‌కూ అచ్చంగా సరిపోయింది.

ఇంటర్నెట్ రోగికి మేలు చేసిన కథల్లో అందరూ చెప్పేది డేవ్ డిబ్రాంకార్ట్‌ది. 2007లో అతనికి కిడ్నీ క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. బోస్టన్‌లోని అతని డాక్టరే ఆన్‌లైన్ క్యాన్సర్ రోగుల బృందంలో చేరమన్నాడు. అధిక మోతాదు ఇంటర్‌ల్యూకిన్-2 అనే చికిత్స గురించి, అది చేసే డాక్టర్ల గురించి, దాని బాధల గురించి అక్కడి రోగులు చెప్పారు. అతను బతికాడు, ఈ-పేషెంట్ డేవ్ పేరుతో దేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. మంచి కథే. కానీ అతను టెక్నాలజీ రంగంలో పనిచేసినవాడు, అతని భాష ఇంటర్నెట్ భాష, అతని డాక్టరు "వెతుక్కో" అని చెప్పే రకం. ఇన్ని అనుకూలాలు ఒక్క మనిషిలో కలవడం అరుదు. మన దగ్గర ఈ అనుకూలాలు సాధారణంగా ఒక ఇంట్లో ముగ్గురు నలుగురి మధ్య పంచి ఉంటాయి: జబ్బు తండ్రికి, ఇంగ్లీషు కూతురికి, డబ్బు కొడుక్కి.

అలాంటి ఒక ఇంట్లో డబ్బున్న కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. గుంటూరులో తల్లి మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుంటే రిపోర్టు పీడీఎఫ్ వాట్సాప్‌లో అతనికి వెళుతుంది. ఆ రిపోర్టును కాస్త దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఆరోగ్యం వెతకడం అనే పని చాలా ఇళ్లలో ఇక్కడే మొదలవుతుంది.

ఎడమవైపు పరీక్ష పేరు, మధ్యలో మీ విలువ, కుడివైపు "సాధారణ పరిధి". పరిధి దాటిన అంకెలు లావు అక్షరాల్లో ఉంటాయి, కొన్నిచోట్ల ఎర్రగా. ఆమె రిపోర్టులో నాలుగు అలా ఉన్నాయి: ఎంసీవీ కొంచెం తక్కువ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెం ఎక్కువ, ఇంకో రెండు. కొడుకు ఒక్కొక్కటే గూగుల్‌లో కొడతాడు. మూడో ఫలితంలో కాలేయ వ్యాధి, ఐదో ఫలితంలో ఎముకలకు పాకిన క్యాన్సర్. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ పట్టపగలు. "అమ్మా, నీకు కడుపులో నొప్పేమన్నా ఉందా?" అని ఫోను. ఉదయం దాకా లేని నొప్పి ఆ ప్రశ్న తర్వాత కొంచెం కొంచెంగా మొదలవుతుంది.

ఆ సాధారణ పరిధిని ఎలా కడతారో రిపోర్టు మీద రాయరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చాలామందిని తీసుకుని వాళ్ల విలువలు కొలుస్తారు. అందులో మధ్యనున్న 95 శాతాన్ని పరిధిగా పెట్టుకుని, పైనా కిందా రెండున్నర శాతం చొప్పున వదిలేస్తారు. చాలా పరీక్షలకు పద్ధతి ఇదే. అంటే ఏ జబ్బూ లేని ఇరవైమందిలో ఒకరి విలువ ఆ పరిధికి బయట పడటం ఆ లెక్కలోనే ఉంది. ఒక్క పరీక్షకే అలా అయితే ఇరవై పరీక్షలు కలిపి చేసినప్పుడు? ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలనుకుంటే, పూర్తి ఆరోగ్యవంతుడి రిపోర్టులో కనీసం ఒక్క లావు అక్షరమైనా వచ్చే అవకాశం 64 శాతం. అరవై పరీక్షల ప్యాకేజీకి 95 శాతం. నిజంలో పరీక్షలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది కాబట్టి అంకె కాస్త మారుతుంది, దారి మాత్రం మారదు. పండగ ఆఫర్లో అరవై పరీక్షలు చేయించుకున్నవాడు ఏదో ఒక దిగులు కొనుక్కుని ఇంటికొస్తాడు.

వెతుకుడు యంత్రం ఆ దిగులును పెంచే తీరును మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రయాన్ వైట్, ఎరిక్ హోర్విట్జ్ 2009లో అచ్చేసిన వ్యాసంలో కొలిచి చూపించారు. తలనొప్పి అని వెతికితే వచ్చే పేజీల్లో కాఫీ మానేయడం వల్ల వచ్చే తలనొప్పికి, మెదడులో కణితికి దాదాపు సమానమైన చోటు దక్కింది. నిజజీవితంలో మెదడు కణితి చాలా అరుదు. పేజీలు రాసేవాళ్లు అరుదైన, భయంకరమైన జబ్బుల మీద ఎక్కువ రాస్తారు, చదివేవాళ్లు వాటినే ఎక్కువ నొక్కుతారు; కాఫీ మానేసి తలనొప్పి తెచ్చుకున్నవాడి మీద వ్యాసం ఎవడు రాస్తాడు? ఈ భయానికి సైబర్‌కాండ్రియా అని పేరు. పైన చెప్పిన ఇంట్లో ఇంకో మెలిక ఉంది. భయం పుట్టింది కొడుకులో, నొప్పి మొదలైంది తల్లిలో. ఆ పరిశోధన ఒకే మనిషిని చూసింది, ఇద్దరి మధ్య ప్రయాణించే భయాన్ని చూడలేదు.

ఇలాంటి ఇళ్లకు వ్యతిరేక దిశలో కూడా సమాచారం వస్తుంది, ఎవరూ వెతక్కుండానే. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు కరోనాకని ఇచ్చే మందు కోసం వేలమంది గుమిగూడారు. ఆక్సిజన్ అందనివాళ్లను అంబులెన్సుల్లో తెచ్చారు. ఆ ఊరి పేరు పది రోజుల్లో తెలుగునేలంతా తెలిసింది ఫోన్ల వల్లే. మందు వేసుకుని లేచి మాట్లాడుతున్నవాళ్ల వీడియోలు చుట్టాల గ్రూపుల్లో గంటగంటకూ తిరిగాయి. నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలకు తప్ప మిగతా మందుల్లో చాలావాటికి అనుమతిచ్చింది. అక్కడికి వెళ్లినవాళ్లలో ఇంటర్నెట్‌లో కరోనా వైద్యం గురించి "వెతికినవాళ్లు" ఎంతమంది? ఆ రోజుల్లో అందరి దగ్గరా భయం ఉంది, ఫోను ఉన్నవాడి దగ్గర వీడియో ఉంది, ఫోను లేనివాడి దగ్గర వీడియో చూసిన బంధువు ఉన్నాడు. ఇక్కడ కూడా చెయ్యి ఒకరిది, ఒళ్లు ఇంకొకరిదే. మంచీ చెడూ ఒకే దారిలో నడుస్తాయి. సీహెచ్‌ఓ అమ్మాయికి ఉన్న చదువు గ్రూపులో వీడియో పంపే మేనమామకు లేదు, తేడా అంతే.

మధ్యలో మనిషి లేకుండా, ఎవరి ఫోను వాళ్లదే అన్న నమ్మకంతో ఒక సేవను కడితే ఏమవుతుందో అదే నెలలో దేశం చూసింది. 18 నుంచి 44 ఏళ్లవాళ్లకు కరోనా టీకా కావాలంటే ప్రభుత్వ పోర్టల్ కోవిన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకుని స్లాట్ పట్టుకోవాల్సిందే అన్నారు. 2021 ఏప్రిల్ 28న నమోదు తెరిచిన మొదటి రోజే కోటీ 30 లక్షలమందికి పైగా ఎక్కేశారు. స్లాట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోయేవి. ప్రోగ్రామింగ్ తెలిసిన కుర్రాళ్లు స్లాటు పడగానే టెలిగ్రాంలో గంట మోగించే ఏర్పాటు చేసుకున్నారు. ముంబై, బెంగళూరు లాంటి నగరాల యువకులు కార్లేసుకుని పల్లెటూళ్ల టీకా కేంద్రాలకు వెళ్లి వేయించుకున్నారు. ఆ పల్లెవాళ్లు ఇదేంటో అర్థం కాక చూశారు. పోర్టల్ అప్పటికి ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు సహా ఇతర భాషలు జూన్‌లో వచ్చాయి.

సుప్రీంకోర్టు దీన్ని తనంతట తానే విచారణకు తీసుకుని, మే 31న ఇచ్చిన ఉత్తర్వులో, డిజిటల్ అంతరం ఇంత ఉన్న దేశంలో టీకాను పూర్తిగా పోర్టల్‌కు కట్టేస్తే ఎలా అని నిలదీసింది. ఫోను లేనివాళ్లు స్నేహితుల ద్వారానో, కామన్ సర్వీస్ సెంటర్ ద్వారానో నమోదు చేసుకోవచ్చన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదనలో నిజం ఉంది. మన జనం ఎలాగూ అలాగే చేస్తారు. రేషన్ కార్డుకు, పట్టాదారు పాసుపుస్తకానికి, కొడుకు కాలేజీ ఫీజుకు మీసేవ దగ్గర నిలబడ్డవాళ్లకు టీకాకు నిలబడటం కొత్త కాదు. కానీ టీకాకు నిలబడాల్సిన చోటు కంప్యూటర్ షాపు కావడమే తప్పు. సూది వేసే నర్సు పక్కనే పేరు రాసుకునే మనిషి కూడా ఉంటే సరిపోయేది. మే 24 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు ఒప్పుకున్నారు. జూన్ 21 తర్వాత ఆ దారి బాగా వెడల్పయింది, పల్లెల్లో టీకా పరుగందుకుంది.

ఇంతవరకు నేను మధ్యవర్తిని మెచ్చుకుంటూ వచ్చాను. సీహెచ్‌ఓ, కూతురు, ఆశా వర్కరు, డల్లాస్ కొడుకు, వీళ్లు లేకపోతే మన జనాభాలో పెద్ద భాగానికి ఇంటర్నెట్ వైద్యం లేదు. అయితే చెయ్యి వేరేవాళ్లదైనప్పుడు గుట్టు మిగలదు. అందరికీ ఆ గుట్టు అక్కర్లేదు. బీపీ మాత్రల మామ్మకు అసలు అక్కర్లేదు. పైగా తన బీపీ ఎంతో నలుగురికి చెప్పుకోవడం ఆమెకు సరదా. నెల తప్పిన కాలేజీ పిల్లకు కావాలి. దిగులుతో నిద్ర పట్టని కుర్రాడికి కావాలి. మొగుడి నుంచి అంటుకున్న ఇన్ఫెక్షన్ గురించి తెలుసుకోవాలనుకునే ఇల్లాలికి కావాలి. వీళ్లు నర్సమ్మను అడగరు, అక్కను అడగరు. వీళ్లకు ఇంటర్నెట్ వైద్యం అంటే అర్ధరాత్రి దుప్పటి కింద వెతుక్కోగలగడమే.

అందుకు సొంత ఫోను ఉండాలి. అదే ఐదో ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు 54 శాతం. మిగతావాళ్లు వాడేది ఇంటి ఫోను. ఒకరు వెతికినది ఇంకొకరికి సజెషన్‌గా పైకి తేలే ఫోను. ఓటీపీ అన్నకో మొగుడికో వెళ్లే నంబరు. టీకా సర్టిఫికెట్‌కు ఆ నంబరు ఎవరిదైనా పెద్ద నష్టం లేదు. గర్భ పరీక్ష రిపోర్టుకు, మానసిక వైద్యుడి చీటీకి ఉంది. 2021 సెప్టెంబరు నుంచి దేశమంతా నడుస్తున్న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మన ఆరోగ్య రికార్డులన్నిటినీ ఒక నంబరు కింద చేర్చాలనుకుంటోంది. మంచి ఆలోచనే. ఆ రికార్డు తెరిచే ఓటీపీ ఎవరి జేబులో మోగుతుందన్నది మాత్రం ప్రతి ఇంట్లోనూ వేరే ప్రశ్న.

2020 మార్చి 25న వచ్చిన భారత టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఈ మధ్యమనుషులను గుర్తించాయి. రోగి నేరుగా డాక్టరుతో మాట్లాడటం ఒక రకమైతే, రోగి తరఫున ఇంటివాళ్లు మాట్లాడటాన్ని, ఆరోగ్య కార్యకర్త మాట్లాడటాన్ని వేరే రకాలుగా విడదీసి నియమాలు రాశారు. రోగి అవతల లేకుండా ఇంటిమనిషి ఒక్కరే మాట్లాడుతుంటే, పిల్లలూ స్పృహలో లేనివాళ్లూ తప్ప మిగతావాళ్ల విషయంలో అందుకు రోగి అధికారమిచ్చిన కాగితమో, ఇదివరకే రోగి ధ్రువపరిచి ఉండటమో కావాలన్నారు. కాగితం మీద గట్టి నియమమే. అయితే వీడియోలో రోగి ఉండి, పక్కన అత్తగారు కూడా ఉన్నప్పుడు ఏ కాగితమూ పనికిరాదు. "నీకు తెల్లబట్ట అవుతోందా, మీ ఆయనకేమన్నా ఉందా" అని అడిగే డాక్టరు జవాబుకు బదులు మౌనాన్ని వింటుంది. అనుభవమున్న డాక్టర్లు అలాంటప్పుడు ప్రశ్నను మార్చేస్తారు. అవును, కాదు అంటే చాలన్నట్టు అడుగుతారు. ఇయర్‌ఫోన్లు ఉంటే పెట్టుకోమంటారు. అవీ లేకపోతే "రేపు పదిన్నరకు క్లినిక్కి రా అమ్మా, ఒక్కదానివే" అని చెప్పి కాల్ ముగిస్తారు.